డిస్క్ ఉన్నా ఇన్‌స్టాలర్‌కు ఎందుకు కనపడదు?

పోయిన వేసవిలో ఒక రాత్రి పదిన్నరకు మా పిన్ని కొడుకు వీడియో కాల్ చేశాడు. ఇంజినీరింగ్ రెండో ఏడాది పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉన్నాడు. ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించిందని, ఫార్మాట్ కొట్టి విండోస్ 11 కొత్తగా వేసుకుందామని కూర్చున్నాడు. పెన్‌డ్రైవ్ తయారు చేశాడు. దాని నుంచి బూట్ అయింది. భాష ఎంచుకున్నాడు, షరతులకు ఒప్పుకున్నాడు. విండోస్‌ను ఏ డిస్క్ మీద వేయాలో చెప్పమనే తెర వచ్చింది. జాబితా మొత్తం ఖాళీ. డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ కావాలంటే లోడ్ డ్రైవర్ నొక్కండి అని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క ఉంది, అంతే.

"అన్నయ్యా, ఎస్‌ఎస్‌డీ పోయినట్టుంది. ఇక్కడ షాపతనికి ఫోన్ చేస్తే కొత్తది వేయాల్సిందే అంటున్నాడు" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

"గంట క్రితం దాకా ఆ ఎస్‌ఎస్‌డీ మీదే కదరా విండోస్ నడిచింది?"

"అవును."

"బయోస్‌లోకి వెళ్లి చూడు. అక్కడ దాని పేరు ఉందా?"

చూసొచ్చాడు. పేరు ఉంది, 512 జీబీ అని కూడా ఉంది.

బయోస్‌కు కనపడుతున్న డిస్క్ ఇన్‌స్టాలర్‌కు కనపడటం లేదంటే డిస్క్ బాగానే ఉందని దాదాపు నిర్ధారణ అయినట్టే. లేనిది డ్రైవర్. ఈ ఒక్క సంగతి తెలియక బాగున్న ఎస్‌ఎస్‌డీలు మార్పించుకున్నవాళ్లను నేను చూశాను. అందుకే దీన్ని మొదటి నుంచి వివరంగా రాయాలనిపించింది. పరిష్కారం రెండు నిమిషాల పనే. కానీ అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే, రేపు ఇదే జబ్బు ఇంకో రూపంలో వచ్చినా మీరే గుర్తుపట్టగలరు.

డిస్క్‌ను ఎప్పుడు ఎవరు చదువుతారు?

డిస్క్ నుంచి ఒక్క అక్షరం చదవాలన్నా ఆ డిస్క్ కంట్రోలర్‌తో మాట్లాడటం తెలిసిన ప్రోగ్రామ్ కావాలి. దాన్నే డ్రైవర్ అంటాం. ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్లన్నీ మామూలుగా ఎక్కడుంటాయి? అదే డిస్క్ మీద. డిస్క్ చదవాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ తెచ్చుకోవాలంటే డిస్క్ చదవాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టుంటుంది వ్యవహారం.

మరి రోజూ కోట్ల కంప్యూటర్లు ఎలా బూట్ అవుతున్నాయి? మొదటి కొన్ని సెకన్ల పాటు డిస్క్ చదివే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు కాబట్టి. పవర్ బటన్ నొక్కగానే నిద్ర లేచేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. పాతకాలంలో బయోస్, ఇప్పుడు యూఈఎఫ్ఐ. వాడుకలో రెండింటినీ బయోస్ అనే పిలుస్తున్నాం. దానికి డిస్క్ చదవడానికి సొంత ఏర్పాటు ఉంటుంది. పాత బయోస్‌లో అయితే ఇంటరప్ట్ 13హెచ్ అనే సేవ. ఏ ప్రోగ్రామయినా ఫలానా సెక్టార్ కావాలని అడిగితే బయోస్ తెచ్చి మెమరీలో పెట్టేది. యూఈఎఫ్ఐలో అదే పనిని బ్లాక్ ఐఓ అనే పద్ధతి చేస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ ఈ సేవ మీదే బతుకుతుంది. విండోస్‌లో బూట్‌మేనేజర్, దాని వెనక వచ్చే విన్‌లోడ్ అయినా, లినక్స్‌లో గ్రబ్ అయినా, తమ సొంత డిస్క్ డ్రైవర్లతో పని లేకుండా ఫర్మ్‌వేర్‌ను అడిగి ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్‌ను మెమరీలోకి తెస్తాయి. ఆ తర్వాత ఒక ఘట్టం ఉంది. ఇక నీ సేవలు చాలు, మెషీన్ నాకు అప్పగించు అని యూఈఎఫ్ఐకి చెప్పడం. ఎగ్జిట్ బూట్ సర్వీసెస్ అనే కాల్ అది. ఆ క్షణం నుంచి ఫర్మ్‌వేర్ డిస్క్ చదివి పెట్టదు. కెర్నల్ తన కాళ్ల మీద తాను నిలబడాలి, తన డ్రైవర్‌తో తానే చదువుకోవాలి. అప్పటికే ఆ డ్రైవర్ మెమరీలో ఉండి తీరాలి. లేకపోతే తెచ్చుకునే దారి మూసుకుపోతుంది.

మనం డ్రైవర్ సమస్య అని పిలిచే గొడవలన్నీ ఈ అప్పగింత దగ్గర పుట్టేవే. ఎక్స్‌పీ కాలం నాటి ఫ్లాపీ తిప్పలూ, మావాడి ఖాళీ జాబితా, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్) విండోస్ వేసేటప్పుడు వచ్చే చిక్కూ, సర్వర్ మార్చాక లినక్స్ లేవకపోవడం, అన్నింటికీ మూలం ఒకటే: అప్పగింత జరిగేలోపు సరైన డ్రైవర్ మెమరీలోకి చేరలేదు.

ఇక్కడ మావాడికి ఒక అనుమానం వచ్చింది, అది చాలా మంచి అనుమానం. "డిస్క్ చదవలేకపోతే ఇన్‌స్టాలర్ ఎలా నడుస్తోంది? మౌస్ కదులుతోంది, బటన్లు పనిచేస్తున్నాయి కదా?" విండోస్ పెన్‌డ్రైవ్‌లో సోర్సెస్ ఫోల్డర్ తెరిస్తే బూట్ డాట్ విమ్ అనే ఫైల్ కనపడుతుంది. అందులో చిన్న విండోస్ ఒకటి చుట్టి పెట్టి ఉంటుంది. ఫర్మ్‌వేర్ సాయంతో దాన్ని మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కించేస్తారు. ఇన్‌స్టాలర్ నడిచేది ఆ ర్యామ్ డిస్క్ మీద, దాని డ్రైవ్ అక్షరం ఎక్స్. కాబట్టి అసలు డిస్క్ కనపడకపోయినా తెర నిక్షేపంగా వస్తుంది. ఎక్కడ వేయాలి అని అడిగేసరికి మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు.

విండోస్ 7 రోజుల చివర్లో ఇదే తమాషా ఇంకో రకంగా జరిగింది. ఆ ఇన్‌స్టాలర్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. 2015లో 6వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్‌ను చిప్‌సెట్ నుంచి తీసేశారు. దాంతో విండోస్ 7 పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యేది, తెర వచ్చేది, ఆ వెంటనే సీడీ లేదా డీవీడీ డ్రైవర్ లేదంటూ ఆగిపోయేది. ఆ మెషీన్‌లో డీవీడీ డ్రైవే ఉండదు! కీబోర్డు, మౌస్ కూడా చచ్చుబడిపోయేవి. ఇన్‌స్టాలర్ తాను వచ్చిన పెన్‌డ్రైవ్‌నే తాను చూడలేకపోతోందని ఆ సందేశం చదివితే ఎవరికి అర్థమవుతుంది? ఫర్మ్‌వేర్ చదివి పెట్టినంతసేపు అంతా బాగానే ఉంది, చేతులు మారగానే దారి తెలియలేదు.

ఎఫ్6, ఫ్లాపీ

వయసు నలభైకి అటూ ఇటూగా ఉండి, కంప్యూటర్లు బిగించిన అనుభవం ఉన్నవాళ్లకు ఎఫ్6 అనగానే అప్పటి తిప్పలన్నీ గుర్తొస్తాయి. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది. అప్పటి డిస్కులు ఎక్కువగా ఐడీఈ అనే పాత రకానివి, వాటికి సీడీలోనే డ్రైవర్ ఉంది. తర్వాత సాటా అనే కొత్త రకం డిస్కులు వచ్చాయి. వాటితో మాట్లాడటానికి ఇంటెల్ ముందుండి తయారుచేసిన ఏహెచ్‌సీఐ ప్రమాణం 2004లో మొదటి వెర్షన్‌గా బయటికొచ్చింది. మూడేళ్ల ముందు వచ్చిన ఎక్స్‌పీకి దాని సంగతి తెలిసే అవకాశం లేదు. ఆ తర్వాతి సర్వీస్ ప్యాకుల్లో కూడా ఆ డ్రైవర్ చేర్చలేదు.

సీడీ నుంచి బూట్ చేస్తే నీలం తెర వచ్చేది. అట్టడుగున ఒక తెల్ల గీతలో, వేరే కంపెనీ స్కజీ లేదా రెయిడ్ డ్రైవర్ ఉంటే ఎఫ్6 నొక్కండి అని నాలుగైదు సెకన్లు కనపడి మాయమయ్యేది. నొక్కినా వెంటనే ఏమీ జరగదు. నొక్కామో లేదో తెలియక టకటకా పది సార్లు కొట్టేవాళ్లం. కాసేపయ్యాక ఎస్ నొక్కమని అడిగి, డ్రైవర్‌ను ఏ డ్రైవ్ నుంచి తీసుకుంటానంటుంది? ఫ్లాపీ నుంచి మాత్రమే. సీడీ కుదరదు, పెన్‌డ్రైవ్ కుదరదు. 1.44 ఎంబీ ఫ్లాపీలో టీఎక్స్‌టీసెటప్ డాట్ ఓఈఎమ్ అనే ఫైల్, దాంతోపాటు డ్రైవర్ ఫైళ్లు ఉండాలి. అప్పటికే కొత్త కంప్యూటర్లలో ఫ్లాపీ డ్రైవ్ పెట్టడం మానేశారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్లి, ఆ ఒక్క గంట పని కోసం ఫ్లాపీ డ్రైవ్, దానికో కేబుల్ కొనుక్కొచ్చిన రోజు నాకు బాగా గుర్తు.

ఆ ఫ్లాపీని మధ్యలో తీసేస్తే మళ్లీ పెట్టమని అడిగేది. అప్పట్లో విసుగు పుట్టేది గానీ, దాని వెనక గట్టి కారణముంది. డ్రైవర్ ఒక్కచోట కాదు, రెండు చోట్ల కావాలి. మొదటిది, డిస్క్‌ను చూడటానికి ఇప్పుడు నడుస్తున్న ఇన్‌స్టాలర్‌కు. రెండోది, రీస్టార్ట్ అయ్యాక సొంతంగా లేవాల్సిన కొత్త విండోస్‌కు. ఇన్‌స్టాలర్ రెండోసారి ఫ్లాపీ అడిగింది ఆ ఫైళ్లను డిస్క్ మీదకు కాపీ చేసి పెట్టుకోవడానికే. ఈ రెండు చోట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు మళ్లీ పనికొస్తుంది.

ఫ్లాపీ దొరకనివాళ్లు బయోస్‌లో సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చి పని కానిచ్చేవారు. ఎన్‌లైట్ అనే ప్రోగ్రామ్‌తో డ్రైవర్‌ను ముందే సీడీలో కలిపి రాసుకునేవాళ్లూ ఉండేవారు. 2007 మొదట్లో విస్టా జనం చేతికి వచ్చేసరికి ఇన్‌స్టాలర్ మొత్తం మారిపోయింది. ర్యామ్‌లో నడిచే చిన్న విండోస్, అందులో లోడ్ డ్రైవర్ బటన్, పెన్‌డ్రైవ్ నుంచైనా సీడీ నుంచైనా డ్రైవర్ ఇచ్చే వీలు. మావాడి తెర మీద ఉన్నది ఆ బటనే.

తగ్గిందనుకున్న జబ్బు ఎందుకు తిరగబెట్టింది?

ఏహెచ్‌సీఐ, ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీల కోసం 2011లో వచ్చిన ఎన్‌వీఎంఈ, రెండూ అందరూ పాటించే ప్రమాణాలు. కంపెనీ ఏదైనా కంట్రోలర్ ఒకే భాష మాట్లాడుతుంది కాబట్టి ఒక్క డ్రైవర్ అందరికీ సరిపోతుంది. కెర్నల్ లేవగానే, పరికరాలను ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ బస్సు మీద ఉన్న ప్రతి పరికరాన్నీ నువ్వెవరని అడుగుతుంది. ప్రతిదీ తన తరగతి సంఖ్య చెబుతుంది. 01 అంటే నిల్వ పరికరం. దాని పక్కన 06 ఉంటే సాటా, 08 ఉంటే ఎన్‌వీఎంఈ, 04 ఉంటే రెయిడ్. విండోస్ 8.1 నుంచి ఎన్‌వీఎంఈ డ్రైవర్ విండోస్‌లోనే వస్తోంది. కాబట్టి మామూలు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉంటే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, జాబితాలో కనపడుతుంది. చాలా ఏళ్లు అలాగే హాయిగా గడిచింది.

ఆ తర్వాత వీఎండీ వచ్చింది. వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్ అని పూర్తి పేరు. ఇంటెల్ దీన్ని ముందు సర్వర్ల కోసం తయారుచేసింది. ఒక సర్వర్‌లో ఇరవై పైన ఎన్‌వీఎంఈ డిస్కులు ఉంటాయి, మెషీన్ ఆపకుండానే పాడైనదాన్ని పీకి కొత్తది పెట్టాలి, ఏది పాడైందో దాని ముందున్న లైటు వెలిగి చెప్పాలి, నాలుగింటిని కలిపి ఒకే డిస్క్‌లా వాడుకోవాలి (దీన్నే రెయిడ్ అంటారు). ఆ పనులకు వీఎండీ నిజంగా పనికొస్తుంది. 2020లో 11వ తరం కోర్ ప్రాసెసర్లతో ఇది ల్యాప్‌టాప్‌లలోకి కూడా వచ్చేసింది. చాలా మోడళ్లలో ఆన్ చేసి పెట్టే అమ్ముతున్నారు.

వీఎండీ ఆన్‌లో ఉంటే ఎస్‌ఎస్‌డీ నేరుగా పీసీఐ బస్సు మీద కనపడదు. ముందు వీఎండీ కంట్రోలర్ నిలబడి ఉంటుంది, దాని వెనక గదిలో ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. కెర్నల్ వచ్చి నువ్వెవరని అడిగితే జవాబు చెప్పేది వీఎండీ మాత్రమే. విండోస్ దగ్గర ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఉంది, కానీ దానికి తగిన పరికరం ఎదురుగా లేదు. వీఎండీ తలుపు తీసే డ్రైవర్ వేరే ఉంది. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ ప్యాకేజీలో ఐఏస్టోర్‌వీడీ అనే పేరుతో వస్తుంది. మన పెన్‌డ్రైవ్‌లోని విండోస్‌లో ఆ ప్రాసెసర్ తరానికి సరిపడే డ్రైవర్ లేకపోతే జాబితా ఖాళీ. ఫర్మ్‌వేర్‌కు మాత్రం వీఎండీ సంగతి పుట్టుకతోనే తెలుసు, అందుకే బయోస్‌లో డిస్క్ పేరు ఉంది.

లినక్స్‌లో ఈ గది చక్కగా కంటికి కనపడుతుంది. ఎల్‌ఎస్‌పీసీఐ అనే కమాండ్ కొడితే మిగతా పరికరాలన్నింటి చిరునామాలు మామూలుగా సున్నాలతో మొదలవుతాయి. వీఎండీ వెనకున్న ఎస్‌ఎస్‌డీ చిరునామా మాత్రం 10000తో మొదలవుతుంది. ఊరే వేరు అన్నట్టు. వీఎండీ మాడ్యూల్ లినక్స్ కెర్నల్‌లో 2016లో వచ్చిన 4.5 నుంచే ఉంది.

ఒకే ఒక్క ఎస్‌ఎస్‌డీ ఉండే ల్యాప్‌టాప్‌లో, రెయిడ్ అనే మాటే లేని చోట, దీన్ని ఆన్ చేసి అమ్మడం నాకు సమంజసంగా అనిపించదు. కొన్నవాళ్లకు దాని లాభం కనపడదు, విండోస్ మళ్లీ వేసుకునే రోజున మాత్రం నష్టం కనపడుతుంది. కనీసం డబ్బాలో ఒక కాగితం మీద రాసి పెట్టినా చాలామందికి ఆ రాత్రి నిద్ర దక్కేది.

రెండు దార్లు

మొదటి దారి, డ్రైవర్ ఇవ్వడం. ఇంకో కంప్యూటర్‌లో ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ తెరిచి, మీ మోడల్‌కు ఇచ్చిన స్టోరేజ్ డ్రైవర్ దించుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. దిగిన ఈఎక్స్‌ఈ ఫైల్‌నో జిప్ ఫైల్‌నో అలాగే పెన్‌డ్రైవ్‌లో పడేసి, ఇన్‌స్టాలర్‌లో బ్రౌజ్ చేసి, ఏమీ దొరకడం లేదంటారు. ఇన్‌స్టాలర్‌కు కావాల్సింది విడివిడి ఫైళ్లు: పరికరం వివరాలుండే ఐఎన్ఎఫ్, అసలు డ్రైవరైన ఎస్‌వైఎస్, సంతకం ఉండే క్యాట్. 64 బిట్ విండోస్ సంతకం లేని డ్రైవర్‌ను ఒప్పుకోదు కాబట్టి ఆ క్యాట్ ఫైల్ వదిలేయకూడదు. జిప్ అయితే విప్పి పెట్టాలి. ఇంటెల్ ఇచ్చే సెటప్ ఆర్‌ఎస్‌టీ ఈఎక్స్‌ఈ అయితే, కమాండ్ ప్రాంప్ట్‌లో దాని పేరు పక్కన ఒక హైఫన్, ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అనే మాట, ఒక ఫోల్డర్ పేరు రాసి నడిపితే ఫైళ్లన్నీ ఆ ఫోల్డర్‌లోకి వస్తాయి. లోపల వీఎండీ అనే ఫోల్డర్ వెతికి పట్టుకుని దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చాలు.

ఆ ఫోల్డర్‌ను ఇన్‌స్టాలర్‌కు చూపిస్తే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ అని, చివర ఒక కోడ్‌తో పేరు వస్తుంది. 11వ తరానికి 9ఏ0బీ, 12వ తరానికి 467ఎఫ్. ఈ కోడ్ ఆ కంట్రోలర్ గుర్తింపు సంఖ్య. ఒక తరం కోసం చేసిన ప్యాకేజీ ఇంకో తరానికి పనికిరాకపోవచ్చు, ఏదో ఒకటి దించితే సరిపోదు. సరిపడని డ్రైవర్లను దాచే చిన్న టిక్ బాక్స్ అక్కడే ఉంటుంది. దాన్ని తీయకండి. టిక్ ఉండగా జాబితాలో ఏదీ రాలేదంటే మీరు తెచ్చిన డ్రైవర్ మీ మెషీన్‌ది కాదని అదే చెబుతోంది.

బటన్‌తో పని కాకపోతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. డిస్క్‌పార్ట్ నడిపి లిస్ట్ డిస్క్ కొడితే ఇన్‌స్టాలర్‌కు ఏమేం కనపడుతున్నాయో తేలిపోతుంది. పెన్‌డ్రైవ్ ఒక్కటే వస్తే డ్రైవర్ సమస్యే. అక్కడే డీఆర్‌వీలోడ్ అనే కమాండ్‌కు ఐఎన్ఎఫ్ ఫైల్ దారి ఇస్తే డ్రైవర్ ఎక్కుతుంది.

రెండో దారి, బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేయడం. గది తలుపు తీసేస్తే ఎస్‌ఎస్‌డీ నేరుగా బయటికొస్తుంది, విండోస్ సొంత ఎన్‌వీఎంఈ డ్రైవర్‌తోనే కనపడుతుంది. డిస్క్ మొత్తం తుడిచి కొత్తగా వేసుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే, ఎందుకంటే ఇకముందు ఎన్నిసార్లు వేసుకున్నా ఈ బాధ ఉండదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ దాచి పెడతారు, బయోస్ మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేనే బయటపడుతుంది. కొన్నింటిలో అసలే ఉండదు, అప్పుడు మొదటి దారే గతి.

అయితే ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఉన్న విండోస్‌ను, అందులోని ఫైళ్లను ఉంచుకోవాలనుకుంటే ఆ సెట్టింగ్‌ను ఊరికే మార్చకండి. ఆ విండోస్ వీఎండీ డ్రైవర్‌తో లేవడానికి అలవాటు పడి ఉంది. బూట్ సమయంలో మెమరీలోకి ఎక్కాల్సిన డ్రైవర్ల పట్టీ విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉంటుంది, వాటి స్టార్ట్ విలువ 0. విన్‌లోడ్ ఆ పట్టీ చూసి, ఫర్మ్‌వేర్ సాయంతో వాటిని అప్పగింతకు ముందే మెమరీలో పెడుతుంది. మనం మొదట చెప్పుకున్న చిక్కుముడిని విండోస్ విప్పుకునే పద్ధతి ఇదే. వీఎండీ ఆఫ్ చేస్తే కావాల్సిన డ్రైవర్ ఆ పట్టీలో సిద్ధంగా ఉండకపోవచ్చు. అప్పుడు ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్ అంటూ నీలం తెర వస్తుంది. ఎక్స్‌పీ కాలంలో స్టాప్ 7బీ అనేవాళ్లం, ఆ పాత మిత్రుడే ఇది. పైగా డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, బయోస్‌లో మార్పు జరిగిందని పసిగట్టి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ చేతిలో లేకపోతే ఫైళ్లు తెరుచుకోకపోవచ్చు. కీ ముందే రాసి పెట్టుకోండి.

పాత విండోస్‌ను ఉంచుకుంటూనే మార్చాలంటే సేఫ్ మోడ్ దారి ఉంది. బీసీడీఎడిట్‌తో గానీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో గానీ వచ్చేసారి సేఫ్ మోడ్‌లో లేవమని చెప్పి, రీస్టార్ట్ చేసి, నేరుగా బయోస్‌లోకి వెళ్లి సెట్టింగ్ మార్చాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ తన సొంత స్టోరేజ్ డ్రైవర్లతో లేచి, కొత్త అమరికను గుర్తించి, పట్టీ సరిచేసుకుంటుంది. తర్వాత సేఫ్ మోడ్ సెట్టింగ్ తీసేసి మామూలుగా లేపాలి. నా చేతుల మీదుగా ఇలా చాలాసార్లు చక్కగా జరిగింది. అయినా బ్యాకప్ లేకుండా ఎవరి మెషీన్ మీదా నేను ఈ పని మొదలుపెట్టను.

ల్యాబులు, వర్చువల్ మెషీన్లు

కాలేజీ ల్యాబ్‌లో అరవై మెషీన్లకు ఒక్కొక్కదాని దగ్గరా నిలబడి లోడ్ డ్రైవర్ నొక్కుతూ కూర్చోలేం. డిజం కమాండ్‌తో డ్రైవర్‌ను విండోస్ ఫైల్‌లోనే ముందుగా కలిపేయొచ్చు. ఇక్కడ రెండు చోట్ల సంగతి మళ్లీ వస్తుంది. బూట్ డాట్ విమ్‌లో కలిపితే ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనపడుతుంది. రేపు లేవాల్సిన విండోస్ ఉండేది ఇన్‌స్టాల్ డాట్ విమ్‌లో. దానిలో కూడా కలపండి. బూట్ డాట్ విమ్‌లో రెండు భాగాలుంటాయి, సెటప్ నడిచేది రెండోదాని నుంచి. మొదటి భాగంలో కలిపేసి, కలిపినా రావడం లేదేంటని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ.

వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం, ప్రాక్స్‌మాక్స్‌లలో విండోస్ వేసేటప్పుడు కూడా అచ్చం ఇదే ఖాళీ జాబితా. డిస్క్‌ను వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన వర్ట్ఐఓ పద్ధతిలో పెడితే వేగం బాగుంటుంది, కానీ విండోస్‌లో ఆ డ్రైవర్ రాదు. వర్ట్ఐఓ విన్ అనే ఐఎస్ఓను రెండో సీడీగా తగిలించి, లోడ్ డ్రైవర్‌లో చూపించాలి. డిస్క్ వర్ట్ఐఓ బ్లాక్ అయితే వయోస్టార్ ఫోల్డర్, వర్ట్ఐఓ స్కజీ అయితే వయోస్కజీ. లోపల ఏఎండీ64 అనే ఫోల్డర్ చూసి మాది ఇంటెల్ కదా అని వెనక్కి వెళ్లకండి. 64 బిట్ పద్ధతిని ముందు తెచ్చింది ఏఎండీ కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది, ఇంటెల్ ప్రాసెసర్లకూ అదే.

ఇప్పటికే వేరే పద్ధతిలో నడుస్తున్న విండోస్‌ను వర్ట్ఐఓకి మార్చడానికి ఒక ఉపాయం ఉంది, నాకు బాగా ఇష్టమైనది. బూట్ డిస్క్‌ను ముట్టుకోకుండా, ఒక్క జీబీ ఖాళీ డిస్క్‌ను వర్ట్ఐఓగా తగిలిస్తారు. విండోస్ మామూలుగా లేచి, కొత్త పరికరం చూసి, మనమిచ్చిన డ్రైవర్ వేసుకుంటుంది. ఆ డ్రైవర్ ఇప్పుడు బూట్ పట్టీలో చేరింది. మెషీన్ ఆపి, ఆ చిన్న డిస్క్ తీసేసి, అసలు డిస్క్‌ను వర్ట్ఐఓకి మార్చి లేపితే చక్కగా లేస్తుంది.

లినక్స్ ఈ చిక్కుముడిని వేరేలా విప్పుకుంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేస్తే కష్టం కాబట్టి, దాన్ని విడిగా బయట పెట్టారు. కెర్నల్‌తో పాటు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూటను గ్రబ్ మెమరీలోకి తెస్తుంది. అందులో డిస్క్ డ్రైవర్లు, ఎల్‌వీఎమ్ (డిస్క్ స్థలాన్ని పంచే ఏర్పాటు) లేదా ఎన్‌క్రిప్షన్ తెరిచే సాధనాలు ఉంటాయి. కెర్నల్ ముందు ఆ మూట విప్పి, డ్రైవర్ ఎక్కించి, అప్పుడు అసలు రూట్ డిస్క్‌ను అందుకుంటుంది. మూటే రాకపోతే రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేయలేకపోయానని కెర్నల్ ప్యానిక్ ఇస్తుంది.

ఆ మూటలో ఏం పెట్టారన్న దగ్గరే లినక్స్ కష్టాలు మొదలవుతాయి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో డ్రాకట్ అనే ప్రోగ్రామ్ మామూలుగా ఆ మెషీన్‌కు కావాల్సిన డ్రైవర్లనే పెడుతుంది. అదే డిస్క్‌ను వీఎంవేర్ అనే ఇంకో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ నుంచి కేవీఎంకి తీసుకెళ్తే వర్ట్ఐఓ డ్రైవర్ మూటలో ఉండదు, డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్‌లో పడిపోతాం. బూట్ మెనూలో రెస్క్యూ అనే వరుస ఉంటే దాన్ని ఎంచుకోండి. దాని మూటలో అందరి డ్రైవర్లూ ఉంటాయి, చాలావరకు లేస్తుంది. లేచాక డ్రాకట్‌తో కొత్త మూట కట్టుకోవాలి. ముందే తెలిస్తే, తరలించడానికి ముందే వర్ట్ఐఓ బ్లాక్, వర్ట్ఐఓ స్కజీ మాడ్యూళ్లు చేర్చి కట్టుకోవడం ఇంకా మేలు. డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఆ పని చేస్తుంది. పాత రెయిడ్ కార్డులున్న సర్వర్ల మీద ఆర్‌హెచ్ఈఎల్ 8 (రెడ్‌హ్యాట్ లినక్స్) వేయబోయినవాళ్లకు ఇంకో చిక్కు ఎదురైంది, చాలా పాత కార్డుల డ్రైవర్లను ఆ వెర్షన్‌లో తీసేశారు. అలాంటివాళ్లు ఈఎల్‌రిపో అనే ప్రాజెక్టు ఇచ్చే డ్రైవర్ డిస్క్‌ను ఐఎన్ఎస్‌టీ డాట్ డీడీ అనే బూట్ ఆప్షన్‌తో ఇన్‌స్టాలర్‌కు అందిస్తారు. ఆలోచించి చూస్తే ఎఫ్6 ఫ్లాపీకి ఇది మనవరాలు.

మళ్లీ మావాడి దగ్గరకు వస్తే, ఆ ల్యాప్‌టాప్ బయోస్‌లో వీఎండీ ఆప్షన్ ఎక్కడా దొరకలేదు. వాళ్ల నాన్న కంప్యూటర్‌లో డ్రైవర్ దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొచ్చాడు. లోడ్ డ్రైవర్, బ్రౌజ్, వీఎండీ ఫోల్డర్. 9ఏ0బీ అని ఒకే ఒక్క వరుస వచ్చింది. నెక్స్ట్ నొక్కాక పది సెకన్ల పాటు ఇద్దరం మాట్లాడలేదు. జాబితా నిండింది.

"అన్నయ్యా వచ్చేసింది!" అని వెంటనే డిలీట్ మీదకు వెళ్లబోయాడు. ఆగమన్నాను. ముందు సైజులు గట్టిగా చదవమన్నాను. 14 జీబీ చూపించేది పెన్‌డ్రైవ్, పార్టిషన్లన్నీ కలిపి 476 జీబీ చిల్లర వచ్చేది ఎస్‌ఎస్‌డీ. సరిచూసుకున్నాకే పార్టిషన్లు తీసేశాడు. కాపీ అవడం మొదలయ్యాక, "ఇక నువ్వు పడుకో అన్నయ్యా, అయిపోయినట్టే" అన్నాడు.

కాల్ పెట్టేయలేదు. మొదటి రీస్టార్ట్ దాకా ఉన్నాను. రీస్టార్ట్ అవుతుండగా పెన్‌డ్రైవ్ తీసేయమన్నాను. కంపెనీ లోగో వచ్చింది, తెర ఒక్క క్షణం నల్లబడింది, లోగో కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. ఈసారి విండోస్ లేచింది ఆ ఎస్‌ఎస్‌డీ మీద నుంచి, తనలో కాపీ అయిన డ్రైవర్‌తో. అప్పుడు పడుకున్నాను.